గసగసాల పాయసం, పెన్నేరు మాత్రలు

నేను కుదురుగా కూర్చుని ఇది రాస్తున్నానని అనుకోకండి. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వంటింటి దాకా వెళ్లి రావడం, మళ్లీ కూర్చోవడం. మా ఆయన పేపరు పక్కకు తప్పించి చూసి, "రాస్తున్నావా, కవాతు చేస్తున్నావా?" అంటారు. రెండూ చేస్తున్నాను. జబ్బు తగ్గినా నా కాళ్లకు ఆ తిరుగుడు మిగిలిపోయింది. జరిగింది ఒకసారి మొదట్నుంచి చెప్పేస్తే కాస్త నిలకడ వస్తుందేమోనని ఆశ. ఇంకో కారణం కూడా ఉంది. నొప్పికని సూది వేయించుకుంటూ, అది అలవాటుగా మారిందని తెలియని ఆడవాళ్లు నాలాగా చాలామందే ఉంటారు. మత్తుమందు అంటే రోడ్డు పక్కన పడి ఉండే కుర్రాళ్ల వ్యవహారమని వాళ్లూ అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఎనభై మూడు, ఎండాకాలం

మాది ప్రకాశం జిల్లా, గిద్దలూరు దగ్గర పల్లె. మా ఆయన సైన్యంలో సుబేదారు. అప్పుడు ఢిల్లీ కంటోన్మెంటులో ఫ్యామిలీ క్వార్టర్లో ఉండేవాళ్లం, నేనూ ఆయనా మా అమ్మాయి బేబీ. ఆ వేసవిలో నాకు మూత్రపిండంలో రాయి నొప్పి వచ్చింది. అది పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు, పడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. బేబీని కన్నప్పుడు కూడా నేను అంత అరవలేదు.

మిలిటరీ ఆసుపత్రిలో ఒక సూది వేశారు. అది ఒంట్లోకి దిగుతుంటే నొప్పి ఎవరో చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయినట్టు వెళ్లిపోయింది. నొప్పితో పాటు వంటపని, పిల్ల చదువు, ఊరి బెంగ కూడా వెళ్లిపోయాయి. ఈ రెండో సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. బాగా నీళ్లు తాగండి, రాయి దానంతట అదే పడిపోతుందని చెప్పి పంపారు.

అప్పుడే మా ఆయన బెటాలియన్‌తో రాజస్థాన్ వైపు వెళ్లారు. నొప్పి మళ్లీ వచ్చింది. కంటోన్మెంటు బయట, పాలం ఊరికి పోయే దారిలో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్ ఉండేది. డాక్టరు ఎప్పుడో గాని కనబడడు, ఉన్నదల్లా కాంపౌండరే. "దీదీ, ఏక్ సూయీ, బస్. దర్ద్ ఖతమ్," అన్నాడు. చెప్పినట్టే నొప్పి ఖతమ్. దాని పేరు పెథిడిన్ అని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. నేను దాన్ని నొప్పి సూది అనేదాన్ని.

కొన్నాళ్లకు రాయి పడిపోయింది. నొప్పి మాత్రం పోలేదు. అంటే, సూది ఆలస్యమైన రోజున నడుము పట్టేసేది, ముక్కు కారేది, ఆవులింతలు ఒకదాని మీద ఒకటి వచ్చేవి. ఇంకో రాయి ఉందేమోననుకున్నాను. సూది పడగానే అన్నీ సర్దుకునేవి కాబట్టి రాయే అని తేల్చుకున్నాను కూడా. మనిషి తనకు కావలసిన వైద్యం తనే ఎంత తెలివిగా చెప్పుకుంటుందో!

ఎనభై అయిదు, చలికాలం

బెటాలియన్‌లో బడాఖానా. అంటే జవాన్లు, అఫీసర్లు, కుటుంబాలు అందరూ కలిసి చేసే భోజనం. మా ఆయన ఇస్త్రీ చేసిన యూనిఫాంలో అఫీసరు భార్యకు నన్ను పరిచయం చేస్తున్నారు. నాకు ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి. ఆవులింత ఆపుకోలేకపోతున్నాను. "బాత్రూం" అని చెప్పి బయటపడి నేరుగా క్లినిక్కుకు నడిచాను. ఆయన వెనకే స్కూటరు మీద వచ్చారు. నేనప్పటికే బల్ల మీద చేయి చాపి కూర్చున్నాను.

కాంపౌండరు లేచి నిలబడి, "సాబ్, ఇప్పుడు ఆపలేం. ఆదత్, అలవాటు పడిపోయింది," అన్నాడు, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకొచ్చారు. తలుపు వేసి అడిగారు.

"నొప్పి యాడుంది?"

"నడుములోనండీ."

"నడుములో యాడ? చూపీ."

చూపించలేకపోయాను. చేయి నడుము మీద పెట్టాను, పొట్ట మీద పెట్టాను, తీసేశాను. నొప్పి ఉంది. ఎక్కడుందో తెలియదు. ఆ రోజు నుంచి నొప్పి అనే మాట నా నోట్లోంచి వస్తే ఆయన నమ్మడం మానేశారు. నా జబ్బు అసలు మొదలైంది అప్పుడే అంటాను నేను.

ఇంట్లోనే మానిపిస్తానని పట్టుబట్టారు. పరువు సమస్య. బయట గొళ్లెం పెట్టి డ్యూటీకి వెళ్లేవారు. నేను కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో తిరిగేదాన్ని. పడుకుంటే కాళ్లు వాటంతట అవే తన్నుకునేవి. కూర్చుంటే ఎముకల లోపల దురద. వాంతులు, విరేచనాలు, చెమటలు. ఏడుపు వేరే, కారణం లేకుండా. బేబీ స్కూలు నుంచి వచ్చి కిటికీలోంచి, "మమ్మీ, ఆప్ చల్తీ క్యోఁ రెహతీ హో?" అని, ఎందుకలా నడుస్తూనే ఉంటావని అడిగేది. తెలుగులో అడగవే అని కసిరేదాన్ని. జవాబు లేనప్పుడు అదొక దారి.

చివరికి ఆయనే ఓడిపోయి ఢిల్లీలోని పెద్ద సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. యూనిట్లో కిడ్నీ వైద్యమని చెప్పారు. వార్డులో కొన్నాళ్లు ఉంచి, వేరే మందుతో మెల్లమెల్లగా దించి ఇంటికి పంపారు. పంపిన నెలలోపే మళ్లీ పాలం దారి పట్టాను. ఇది దాచను. చాలామందికి ఇలాగే అవుతుందని అక్కడి డాక్టరమ్మ తర్వాత చెప్పింది. మళ్లీ వార్డు, మళ్లీ ఆ చెమటలు, మళ్లీ ఇల్లు. ఈసారి మా ఆయన ఊరి నుంచి వాళ్లమ్మను పిలిపించారు. కాపలాకే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఎనభై ఆరు, ఎండలు ముదురుతున్నప్పుడు

ఆసుపత్రిలో వేచి ఉండే హాలు గురించి చెప్పాలి. పొడుగు బెంచీలు, గోడలకు జిడ్డు మరకలు, ఒక మూల కూలర్. అందరం నిలవలేని జనమే. ఒకడు లేస్తాడు, ఒకడు గోడకు వీపు రుద్దుకుంటాడు, ఒకడు చెప్పు విప్పి తొడిగి విప్పి తొడుగుతాడు. వాళ్ల మధ్య నేనొక్కదాన్నే చీర కట్టుకున్నదాన్ని. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అక్కడ ఒక సర్దార్జీ వచ్చేవాడు. ముసలాయన, లారీ నడిపేవాడట. దూరాలు నడపడానికి నల్లమందు అలవాటు చేసుకుని, మానడానికి వస్తున్నాడు. బెంచీ చివర కాళ్లు చాపుకునే చోటు ఒకటి ఉంటుంది. పొద్దున్నే వచ్చి అది పట్టుకుని, నేను రాగానే లేచేవాడు. "బైఠో బేటీ, తుమ్హారీ టాంగేఁ మేరీ టాంగోఁ సే జ్యాదా నాచ్తీ హైఁ," అని, నీ కాళ్లు నా కాళ్లకంటే ఎక్కువ చిందులేస్తున్నాయని నవ్వేవాడు. కడుపులో తిప్పితే ఒక యాలక్కాయ ఇచ్చేవాడు. ఆ హాల్లో నన్ను చూసి నవ్విన మనిషి ఆయన ఒక్కడే.

డాక్టరమ్మ చిన్న వయసుది, పంజాబీ అమ్మాయి. మాటలో గర్వం లేదు, తొందర మాత్రం నాకంటే ఎక్కువ. ఒకరోజు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. "సుశీలా జీ, మేమొక కొత్త ప్రయత్నం చేస్తున్నాం. ఒక వేరు నుంచి తీసిన పదార్థంతో మాత్రలు చేశాం. సూది మానాక వచ్చే ఈ కాళ్ల పీకులు, నిద్ర పట్టకపోవడం దాంతో తగ్గుతాయేమో చూడాలి. తగ్గుతాయని మాట ఇవ్వలేను. ఎలుకలకు ఇచ్చి చూశాం, అంతే."

ఏం వేరని అడిగాను. "అశ్వగంధ" అంది. అత్తయ్య కోసం మా ఆయన తెలుగులో చెప్పారు. "పెన్నేరు గడ్డమ్మా."

అత్తయ్య ముక్కున వేలేసుకుంది. "పెన్నేరా! మన చేను గట్టున పీకి పారేస్తాం గదరా! దానికింత పెద్ద ఆసుపత్రి గట్టినారా?"

డాక్టరమ్మ షరతులు రెండు. వేరే మందు ఏదీ తీసుకోకూడదు, నాటు మందైనా సరే. వారం వారం వచ్చి మూత్రం ఇవ్వాలి. అందులో మత్తు ఏదైనా కనబడిందా, ఈ ప్రయత్నంలోంచి పేరు తీసేస్తారు. వార్డులో మళ్లీ చోటు దొరకడం కూడా కష్టం. మా ఆయన నా వైపు చూసి అన్నారు. "ఇదే ఆఖరు సుశీలా. మళ్లీ సూది జోలికి పోతే మా అమ్మతో ఊరికి పో. బేబీ నా దగ్గర ఉంటది."

మళ్లీ తప్పితే నేను పోగొట్టుకునేది అదీ. పిల్ల.

మాత్రలు మొదలుపెట్టాక కొంచెం కొంచెం నయమనిపించింది. భోజనం మొత్తం కూర్చుని తిన్నాను ఒకరోజు. అత్తయ్య దాన్ని పండగలా చెప్పింది పక్కింటివాళ్లకు. విరేచనాలు మాత్రం తగ్గలేదు, నిద్ర అంతంతమాత్రం. అత్తయ్య చూసి చూసి గసగసాల పాయసం చేసింది. మా వైపు ఇది మామూలే. కడుపు జారినా, పసిపిల్లలకు నిద్ర పట్టకపోయినా, బాలింతకు నీరసం వచ్చినా గసగసాలు వేయించి, నానబెట్టి, కొబ్బరితో మెత్తగా నూరి, పాలూ బెల్లమూ పోసి కాస్తారు.

"మందులేవీ పెట్టొద్దంది కదా అత్తయ్యా డాక్టరమ్మ," అన్నాను.

"మందెవరు పెడుతుండారమ్మాయ్? కూడు పెడుతుండా. తిను."

నాకూ అందులో తప్పేమీ తోచలేదు. అత్తయ్య చేయి పెద్దది. గిన్నె నిండా గసగసాలే. కడుపు కుదుటపడింది, నిద్ర పట్టింది. రోజూ పెట్టింది, రోజూ తిన్నాను.

ఆ వారం మా ఆయన సెలవు పెట్టి నాతో ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. "మీ మూత్రంలో మత్తు కనబడింది. మీకు అలవాటైన సూదిమందు కాదిది. నల్లమందు జాతి." నేను తీసుకోలేదని చెప్పడానికి కూడా ఆ క్షణాన మాట రాలేదు, అది తప్పు ఒప్పుకోవడంలాగే కనబడి ఉంటుంది.

మా ఆయన బయటికొచ్చి హాలంతా చూశారు. బెంచీ చివర సర్దార్జీ లేచి నాకు చోటిస్తున్నాడు. చేతిలో యాలక్కాయ. మా ఆయన వెళ్లి ఆ చేయి పట్టుకున్నారు. "క్యా దియా తూనే ఇస్కో?" అంటూ, దీనికేం ఇచ్చావని నిలదీశారు.

సర్దార్జీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరచేయి తెరిచి చూపించాడు. "ఇలాయచీ హై, సాబ్." అంతే అన్నాడు. హాలంతా మా వైపే చూస్తోంది. అంతమంది నిలవలేని మనుషులు ఆ ఒక్క నిమిషం కదలకుండా నిలబడ్డారు. సర్దార్జీ తలపాగా సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. మానాడో, మళ్లీ మొదలుపెట్టాడో మాకు తెలియదు. ఊరూ పేరూ అడగనైనా లేదు. ఈ మొత్తంలో నన్ను ఇప్పటికీ పొడిచేది ఇదే.

ఇంటికొచ్చి మా ఆయన నా ట్రంకుపెట్టె దింపి చీరలన్నీ కింద పోశారు. బియ్యం డబ్బా ఒంపారు. దేవుడి పటాల వెనక చూశారు. బేబీ ఉత్సాహంగా, "పాపా, క్యా ఢూండ్ రహే హో? మైఁ భీ ఢూండూఁ?" అంటూ, తనూ వెతుకుతానని వెంట తిరిగింది. నేను మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. చిత్రమేమిటంటే, అంతకాలంలో మొదటిసారి నా కాళ్లు కదలకుండా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం చెప్పులేసుకుని బయల్దేరాను. ఎక్కడికో నాకు తెలుసు. ఎటూ నమ్మడం లేదు, పడే నింద పడనే పడింది, వేయించుకుంటే పోలేదా? ఇలా అనిపించిన వాళ్లకు ఒక మాట. సూది ఎంత లాగుతుందో, మన మాట ఎవరూ నమ్మకపోవడం అంతకంటే ఎక్కువ లాగుతుంది ఆ దారిలోకి.

గేటు దగ్గర అత్తయ్య. "యాడికమ్మాయ్?"

"ఊరికే."

"నేనూ వస్తా పద. నాకూ ఊరికే కూర్చుని కాళ్లు పట్టుకుపోయినయ్."

ఎండలో ఇద్దరం నడిచాం. క్లినిక్ వచ్చింది. కాంపౌండరు బల్ల తుడుస్తున్నాడు. అత్తయ్యకు ఆ చోటు ఏమిటో తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా మోచేయి పట్టుకుని, చెరుకురసం బండి ఉందేమో చూద్దామంటూ ముందుకు నడిపించింది. క్లినిక్ దాటాక నాకు ఏడుపొచ్చింది.

"నేను ఏమీ తీసుకోలేదు అత్తయ్యా."

"తీసుకోలేదంటే తీసుకోలా."

"మీరెట్లా నమ్మారు?"

"పెట్టేది నేను గదా. పొద్దున లేస్తే నా కళ్లముందే ఉంటివి. నా చేతికూడు తప్ప నీ కడుపులోకి ఇంకేం బోలా."

ఆ మాటకు నడక ఆపేశాను. నిజమే. పెన్నేరు మాత్రలు, అత్తయ్య చేతికూడు. ఇవి తప్ప ఏమీ లేవు. అయితే ఈ రెంటిలోనే ఏదో ఉంది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి అత్తయ్యనూ మా ఆయననూ లాక్కుపోయాను. డాక్టరమ్మకూ అదే గుబులు, తన మాత్రల వల్లే పరీక్ష అలా వచ్చిందేమోనని. నేను తిన్నవన్నీ చెప్పుకుంటూ పోయాను. అన్నం, చారు, పెసరపప్పు, గసగసాల పాయసం. "అదేమిటి?" అంది. "ఖస్ఖస్" అన్నాను. ఆమె కలం ఆగిపోయింది.

"ఎంత?"

అత్తయ్య రెండు దోసిళ్లూ కలిపి చూపించింది.

గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయలోని పాలు ఎండి నల్లమందవుతుంది, ఆ పాలు గింజలకు కాస్త అంటుకుంటాయి. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మొక్కను మా వైపు ఎవరూ చూసినవాళ్లు లేరు. డాక్టరమ్మ అంది, "ఇదే కారణమని నాకు అనిపిస్తోంది. కానీ అనిపిస్తోందని చెబితే మా పెద్ద డాక్టరు ఒప్పుకోడు."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "కథలు," అన్నారు.

"జబ్బు లేని మనిషి ఎవరైనా అంతే తిని, ఇక్కడికొచ్చి పరీక్ష ఇస్తే తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. నేను ఆ మాట తెలుగులో చెప్పీ చెప్పకముందే అత్తయ్య అందుకుంది.

"నేను తింటా. నా పాయసానికి వంక బెడతారా?"

మూడు రోజులు తింది. నాలుగో పొద్దున గిన్నె ఊడ్చి, బస్సులో ఆసుపత్రికి వచ్చింది. చేతికి సీసా ఇచ్చేసరికి ముఖం మాడ్చుకుంది. "ముసలితనంలో సీసాలో పొయ్యాల్సి వచ్చె!" లోపలికి వెళ్లింది, ఒట్టి సీసాతో వచ్చింది. కుళాయి నీళ్లు తాగింది. మళ్లీ వెళ్లింది. "వాకిలి బయట ఆ ఆయా నిలబడుంటే రాదమ్మాయ్, నాకు సిగ్గు." ఆయాను బతిమాలి దూరం పంపాను. చివరికి సీసాను కొంగు కింద దాచుకుని, దొంగసొత్తు తెచ్చినట్టు తెచ్చి ఇచ్చింది. నేను నవ్వాను. ఎన్ని నెలలైందో నవ్వి. ఆమె చురుక్కున చూసి, తనూ నవ్వింది.

వారం తర్వాత డాక్టరమ్మ తనే హాల్లోకి వచ్చింది. మా ఆయన్ని ఉద్దేశించి హిందీలో చెప్పింది. "సుబేదార్ సాబ్, ఈ పరీక్ష ప్రకారం మీ అమ్మగారు నల్లమందు తింటున్నారు."

ఆ మాట వాళ్లమ్మకు ఆయన చెప్పలేకపోయారు. నేనే చెప్పాను. అత్తయ్య మొదట "రామ రామ" అని చెవులు మూసుకుంది. నేను తిన్నది కూడా అదేనని తట్టినట్టుంది, నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, ఇంటికి పోయి నా సంచి గూడా ఒంపి చూడు. నేను గూడా యాడన్నా దాచిపెట్టినానేమో."

ఆయన తల వంచుకున్నారు. క్షమించమన్న మాట ఆయన నోట ఇప్పటిదాకా రాలేదు, రాదు కూడా. ఆ తర్వాత వరసగా చాలా రోజులు డ్యూటీ అవగానే ఒక్కరే ఆసుపత్రికి వెళ్లొచ్చేవారు. ఎందుకని అడిగితే, "ఆ సర్దార్జీ వచ్చినాడేమోనని," అన్నారు.

తప్పు నాది కాదని తేలినా డాక్టరమ్మ నన్ను తన ప్రయత్నంలోంచి తీసేసింది. గసగసాలు కలిశాక, నయమైంది ఏ గింజవల్లో ఏ వేరువల్లో ఎలా చెప్పగలనంది. "మీరు బాగుపడ్డారు సుశీలా జీ. నా లెక్కలోకి మాత్రం రారు." దిగులుగానే చెప్పింది పాపం. మాత్రలు మాత్రం నా మేలు కోరి ఇంకొంతకాలం ఇచ్చింది. అవి పనిచేశాయా? నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. నా మాట పట్టుకుని ఎవరూ పెన్నేరు గడ్డ కొనుక్కోవద్దు, గసగసాలకు భయపడి కూరలు మానొద్దు. మత్తుమందు మానుతున్నవాళ్లు మాత్రం తినే ప్రతిదీ డాక్టరుకు చెప్పండి. కూడే కదా అని దాటేయకండి.

ఎనభై ఎనిమిది, వానలప్పుడు

మళ్లీ రాయి వచ్చింది. ఈసారి నిజం రాయి. బేబీకి జడ వేస్తూ వేస్తూ కింద కూలబడ్డాను. మా ఆయన జీపులో మిలిటరీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నన్ను చూశాడు, నర్సుకు ఏదో చెప్పాడు. ఆమె సిరంజి సిద్ధం చేస్తోంది. ఆ చిన్న మందు సీసా గాజు మెడ విరిచే చప్పుడు నాకు అన్ని చప్పుళ్లలోనూ వినబడుతుంది.

డాక్టరు నా వైపు చూడకుండానే మా ఆయన్ని అడిగాడు. "సుబేదార్ సాబ్, నొప్పి చాలా ఉందా? పెథిడిన్ ఇచ్చేయనా?"

నేను ఆయన ముఖం చూశాను. కావాలంటే ఆయన నా పాత కథ మొత్తం ఆ కుర్రాడికి చెప్పగలరు, అటెన్షన్‌లో నిలబడి. నాటకమని చెప్పగలరు.

"నన్నెందుకు అడుగుతారు సాబ్?" అన్నారు ఆయన. "నొప్పి ఆమెది. ఆమెనే అడగండి."

అప్పుడు నేను చెప్పాను. ఆ సూది నాకు ఎలా అలవాటైందో, ఎలా మానానో, అన్నీ, మెలికలు తిరుగుతూనే. అది కాకుండా ఇంకేదైనా ఉంటే ఇవ్వండి, లేకపోతే ఓర్చుకుంటానన్నాను. నర్సు సిరంజి పక్కన పెట్టింది. డాక్టరు ఇంకో మందు కోసం లోపలికి వెళ్లాడు.

మా ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"యాడుంది నొప్పి?"

చేయి పెట్టి చూపించాను. ఆ చోట ఆయన తన అరచేయి ఆనించి, మందు వచ్చేదాకా తీయలేదు.